మురీల బట్టికి మట్టిపూత

మా అత్త దేవుడికి దీపం పెట్టడం మర్చిపోయిన రోజులున్నాయి గానీ, పొయ్యి అలకడం మర్చిపోయిన రోజు నేను చూళ్ళేదు.

పాతపట్నంలో మా దుకాణం వీధివైపు, మురీల బట్టి పెరటివైపు. మురీలంటే మరమరాలే. మీ వైపు బొరుగులంటారో ఇంకేమంటారో గానీ మాకు మాత్రం మురీలే. పెళ్ళయి వచ్చిన కొత్తలో మా అత్త ఆ బట్టి ముందు కూర్చుంది, ఇంక లేవలేదు. ఉప్పునీళ్ళు పట్టించిన ఉప్పుడు బియ్యాన్ని మూకుట్లో కాలుతున్న ఇసుకలో వేసి, ఈనెల కట్టతో గిరగిరా తిప్పితే రెప్పపాటులో తెల్లగా పొంగుతాయి. జల్లెడ పట్టగానే ఇసుక కిందికి, మురీలు పైకి. చెప్పడానికి ఇంతే. మంట తగ్గిందా, గింజ పొంగక పంటికింద రాయవుతుంది. ఎక్కువైందా, మాడి చేదెక్కుతుంది. ఆ మంటని పట్టుకోవడమే మా అత్త విద్య. మా ఊళ్ళో ఎవరింట్లో పేరంటమైనా మురీలు మా అత్త చేతివే కావాలంటారు.

చల్లారిన పొయ్యిని అలక్కుండా వెలిగించకూడదని ఆవిడకి వాళ్ళత్త చెప్పింది. ఎర్రమట్టీ పేడా కలిపి, పొద్దుటికి ఎక్కడ బీటలు పడ్డాయో వెతికి బొటనవేలితో మట్టి దూర్చి నొక్కి, పొయ్యి చుట్టూ పూసి, పైన తడిచేత్తో నునుపు చేస్తుంది. ఆఖర్న ముగ్గుతో రెండు గీతలు. అప్పుడే అగ్గిపుల్ల. "పొయ్యికి బీటుంటే వేడంతా బజారు పాలేనే" అంటుంది. అది ఉత్త ఆచారం కాదు. బీటలున్న మట్టిపొయ్యి నిజంగానే వేడిని నిలుపుకోలేదు. అందుకే ఆ మాటకి ఎవరూ ఎదురు చెప్పలేదు, నాతో సహా.

పొగ సంగతి మాత్రం అడక్కండి. పెరటి గోడ నలుపు, పెంకులు నలుపు, ఆరేసిన చీర సాయంత్రానికి బూడిద రంగు. కొత్తకోడలిగా ఉన్నప్పుడు మా అమ్మ ఫోన్లో నా గొంతు విని "ఏడుస్తన్నావేటే?" అనడిగితే "ఏడుపు కాదే, పొయ్యి" అనేదాన్ని. కొన్నిసార్లు ఏడుపే. అసలే నాకు కోపం ముక్కుమీద ఉంటుంది. రోజంతా ఆ ముక్కుకి పొగ కూడా తోడైతే ఇంక చెప్పాలా. సామాన్లు దబదబా పెట్టేదాన్ని. మా అత్త తలెత్తకుండా "ఆ గిన్నెలు నీ మొగుడు కావే, నెమ్మదిగా" అనేది.

ఆ ఏడాది వానలు వెళ్ళిపోయే వేళకి కూడా అత్త దగ్గు వెళ్ళలేదు. మెట్టెక్కితే ఆయాసం. మాట మధ్యలో ఆగి, గుండెమీద చెయ్యేసుకుని, మళ్ళీ మొదలెట్టేది. శ్రీకాకుళం తీసుకెళ్ళాం. డాక్టరు ఎక్స్‌రే చూసి, "చుట్ట కాలుస్తావా అమ్మా?" అనడిగాడు. మా వైపు ముసలమ్మలు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చడం ఉంది కదా, అందుకని అడిగాడు. మా అత్తకి పొడుచుకొచ్చింది.

"సావుకారింటి కోడల్ని బాబూ. సుట్ట కాల్సుకుంటానేటి!"

"మరి లోపల అలాగే ఉందమ్మా. పొగ మానాలి. మానకపోతే మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు పెట్టుకోవాల్సొస్తుంది."

తిరుగు బస్సులో మా ఆయన ఒక్కటే మాట అన్నాడు. "బట్టి కొట్టించీస్తాను. మిషను మురీలు బస్తాల్లో దిగుతున్నాయి, అవే అమ్ముదాం." అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అప్పుడు జవాబు చెప్పింది.

"పొయ్యి కాడైతే దగ్గుతాను. మంచం మీదైతే దగ్గు కూడా రాదురా. అలాగే పోతాను."

ఆయన మాటా నిజమే, ఆవిడ మాటా నిజమే. వాళ్ళిద్దరి మధ్యా నేను మద్దెలనయ్యాను. ఈయన వచ్చి "నువ్వైనా సెప్పు" అంటాడు. ఆవిడ వచ్చి "ఆడికి నువ్వు సెప్పు" అంటుంది. నాకేమో ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి లేచిన రూపమే ఊహకి రాదు. పొయ్యి ముందు లేని మా అత్త ఏం చేస్తుంది? సీరియళ్ళు చూస్తుందా? భయమేసింది.

మా పుట్టిల్లు కోటబొమ్మాళి దగ్గర. అక్కడ మా వాళ్ళకి చెరుకు ఉన్నన్నాళ్ళూ బెల్లం వండే బట్టి ఉండేది. అంత పెద్ద మంట వేసినా పొగ గొట్టంలోంచి సన్నగా పోయేది తప్ప, పెనం దగ్గర నిలబడ్డవాళ్ళ కళ్ళు మండేవి కావు. ఆ బట్టి కట్టింది మా మేనమామ. ఇప్పుడాయన విజయనగరంలో బేకరీలకీ హోటళ్ళకీ పొయ్యిలు కడతాడు. ఫోన్ చేశాను.

"మావా, పొగ రాకుండా పొయ్యి కట్టగలవా లేదా? కట్టలేకపోతే ఇప్పుడే సెప్పీ."

"పొగ రాని పొయ్యి ఉండదే పిల్లా. పొగని కూడా కాల్సీసే పొయ్యి ఉంటాది."

మా ఆయన ఒప్పుకున్నాడు గానీ గడువు పెట్టాడు. దసరా ఆర్డర్లు అయ్యేలోగా పొగ మానితే సరి, లేకపోతే పండగ వెళ్ళగానే బట్టి ఉండదు. 

మావ బస్సు దిగి, సిమెంటు సంచిలో పనిముట్లేసుకుని వచ్చాడు. వియ్యపు వరస కదా, అత్త కొంగు సర్దుకుని కుర్చీ వేయించింది.

"రండి బావగారూ. పొయ్యికి వైద్యం సేస్తారంట."

"పొయ్యికేనమ్మా, మనుషులకి సెయ్యను. ఫీజు మాత్రం మనుషుల డాక్టరంతా తీసుకుంటాను."

"సేపల పులుసు పెడతాను, సరిపోతాదా?"

"అబ్బో, అలాగైతే రెండు పొయ్యిలు కడతాను."

పాత బట్టి పగలగొట్టే ముందు అత్త దాంట్లోంచి గుప్పెడు బూడిద తీసి గుడ్డలో మూట కట్టుకుంది. కొత్తదాన్లో వెయ్యాలట. పలుగు మొదటి దెబ్బ పడేటప్పుడు దుకాణంలోకి వెళ్ళిపోయింది. బేరం లేకపోయినా అక్కడే కూర్చుంది.

మావ పని చేస్తూ చెప్పేవాడు, నేను ఇటుకలందిస్తూ వినేదాన్ని. పాత బట్టిలో కర్ర నేలమీదే కాలేది, దాని బూడిదలో అదే కూరుకుపోయేది. గాలి రావడానికి మూతి ఒక్కటే దారి, ఆ మూతి నిండా కర్రలు దోపేవాళ్ళం. "నోట్లో ముద్ద కుక్కి మాటాడమన్నట్టుంది మీ వరస" అన్నాడు. ఇప్పుడు ఇనపచువ్వలు వరసగా పేర్చి, వాటిమీద మంట. బూడిద కిందికి రాలిపోతుంది, కిందనుంచి గాలి పైకి వస్తుంది. మూతి సన్నం చేశాడు, లావు దుంగ దూరకుండా. వెనక నుంచి పెంకుల పైకి గొట్టం. అసలు కిటుకు పక్కగోడలో పెట్టాడు. గోడ రెండు వరసలు కట్టి మధ్యన బోలుగా ఉంచాడు. బయటివైపు నేలకి కాస్త పైన నిమ్మకాయంత కన్నాలు వరసగా. వాటిలోంచి దూరిన గాలి గోడ మధ్యలో కాగి, లోపల మూకుడు కింద పొగమీదికి వస్తుంది. అప్పుడు పొగ కూడా మండిపోతుంది.

"ఇవేనే దీని ముక్కులు" అని ఒక్కో కన్నం చూపించాడు. అప్పుడు అత్త దుకాణంలో ఎవరికో మురీలు కొలుస్తోంది.

పొయ్యి ఆరాక అత్త బూడిద మూట విప్పి లోపల చల్లి, తనే వెలిగించింది. మొదట కాసేపు పొగ వచ్చింది. మా ఆయన చేతులు కట్టుకుని చూస్తున్నాడు. తర్వాత లోపల్నుంచి హోరు మొదలైంది, గాలిపటం చివర కాగితం కొట్టుకున్నట్టు. పొగ పలచబడి, పలచబడి, గొట్టం మీద గాలి వణకడం తప్ప ఏమీ కనపళ్ళేదు.

"ఆరిపోయిందేటి?" అన్నాడు మా ఆయన.

అత్త వంగి మూతిలోకి చూసింది. మంట ఎరుపు కాదు, పచ్చగా, చుర్రుమంటోంది. బియ్యం వేసింది. మల్లెమొగ్గల్లా పొంగాయి. వాయి తర్వాత వాయి వేస్తూనే ఉంది, దగ్గు లేదు. కర్ర కూడా ఎప్పుడూ అయ్యేదాంట్లో సగం కాలేదు. "పొగ లేపోతే పొయ్యి కాడ కూకున్నట్టే నేదు" అని విసుక్కుంది గానీ, ఆ విసుగులో సంబరం నాకు తెలుసు. మావ పులుసు రెండోసారి వేయించుకుని తిని, సాయంత్రం బస్సెక్కాడు. నేను ఆ రోజు నేలమీద నడవలేదు. మా పుట్టింటి చెయ్యి పడగానే ఈ ఇంటి పొగ పోయిందని గర్వం. చెప్పుకోకపోతే నాకు అన్నం అరగదు, వీధిలో కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పాను.

మర్నాడు పొద్దున్న బట్టి వెలిగిస్తే పొగ. మొదట వచ్చేదేలే అనుకున్నాం. అది ఆగలేదు. ఆ తర్వాతి రోజు ఇంకా ఎక్కువ. మావ మూతి సన్నం చేసేశాడు కదా, పాతరోజుల్లో దూరే ఆ కాస్త గాలి కూడా లేదు. పొగ నల్లగా సుడులు తిరిగి అత్త మొహమ్మీదికే కొట్టేది.

ఓలమ్మ, నా అవస్థ చూడాలి! వీధంతా చాటింపేసుకున్నాను కదా, ఇప్పుడు వీధంతా మా పెంకులకేసి చూస్తోంది. గొట్టంలో తాడుకి గుడ్డ కట్టి దించి చూశాను, అడ్డం లేదు. చువ్వల కింద బూడిద గీకి తీశాను. మావకి ఫోన్ చేసి, చూసినవన్నీ చెప్పి, "నీ పొయ్యి నువ్వే వచ్చి పట్టుకెల్లు" అని అరిచాను.

"తడి కర్ర అయ్యుంటాదే" అన్నాడు. "ఎండు కర్ర సన్నగా సీల్చి ఏసి సూడు. హోటలు పన్లో ఇరుక్కుపోయినాను, పండగెల్లగానే వస్తాను."

సరుగుడు కర్ర తెచ్చే బండివాడి మీద పడ్డాను. వాడు "కర్ర విరిస్తే టక్కుమంటంది తల్లీ, తడేటి?" అని నా ముందే విరిచి చూపించాడు. టక్కుమంది. వాడిమీద కోపం ఇంకా పెరిగింది.

విచిత్రమేమిటంటే, అంత పొగ మింగుతూ కూడా అత్త మావని ఒక్క మాట అనలేదు. మామూలుగా ఉప్పులో రాయి దొరికితే ఉప్పు చేసినవాడి వంశాన్ని కూడా వదలదు. నేను మావని తిడుతుంటే, "పోనీయే. పెద్దాయన. సేసినంత సేసినాడు" అనేది. దగ్గు తెర వచ్చి, పోయాక, ముక్కు తుడుచుకుని, "ఎవులైనా అంతేలే" అనేది. నాకు అర్థమయ్యేది కాదు.

పండగ ఇంకా కొద్దిరోజులు ఉందనగా ఒక పొద్దున్న ఆవిడ మంచమ్మీంచి లేవలేకపోయింది. ఊపిరి పీలిస్తే పిల్లనగోవి మోత. మా ఆయన వెళ్ళి గునపం తెచ్చి బట్టి పక్క గోడకి ఆనించాడు. "ఇవాళ ఒప్పుకున్న ఆర్డరు మటుకు నువ్వు వేయించీ. అమ్మని మధ్యాన్నం శ్రీకాకుళం తీసుకెల్తాను. రేపు దీన్ని కొట్టీస్తాను" అన్నాడు. అత్తకి వినపడింది. గోడవైపు తిరిగి పడుకుంది.

నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. అయినా అలక్కుండా వెలిగించకూడదు కదా, ఆఖరి రోజైనా సరే. మట్టీ పేడా కలిపి కూర్చున్నాను. ఆ పొయ్యిని నేను అలకడం అదే మొదలు. మూతి చుట్టూ పూశాను. పక్కగోడ దగ్గరికొచ్చి, మావ పెట్టిన కన్నాల్లో మట్టి పడకూడదని జాగ్రత్తగా చెయ్యి జరుపుతున్నాను. జరుపుతున్నాను, జరుపుతున్నాను, చెయ్యి అటు చివరికి వెళ్ళిపోయింది. కన్నాల్లేవు.

వెనక్కొచ్చాను. గోడ నునుపుగా, ఎర్రగా, అద్దంలా ఉంది. పైన ముగ్గు గీత. చీపురుపుల్ల తీసి, ఇక్కడుండాలి అనుకున్నచోట గుచ్చాను. అరంగుళం పచ్చిమట్టి, దాని వెనక పెళుసుగా కాలిన మట్టి, దాని వెనక ఖాళీ. గరిట కాడతో పొడిచాను. పైపూత రాలి, లోపలి కాలిన మట్టి బిళ్ళలా ఊడి చేతిలోకొచ్చింది. దానిమీద బొటనవేలి ముద్ర నాకు స్పష్టంగా కనపడింది. పక్కది పొడిచాను. దానిమీదా వేలిముద్రే. అన్నీ మూసేసి ఉన్నాయి.

నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. మట్టిచేతులతోనే అత్త మంచం దగ్గరికి పరిగెత్తాను.

"అత్తా! పక్కగోడ కన్నాలు నువ్వు మూసినావా?"

దొంగతనం పట్టుబడినట్టు చూసింది. మా ఆయన కూడా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"మూసినాను" అంది. ఊపిరి తీసుకుంది. "పొద్దుట అలకడానికి కూకుంటే వరసగా కన్నాలు. మీ మావ పని తెమలక ఒగ్గీసి ఎల్లిపోయినాడనుకున్నాను. బస్సు యేళైపోయింది కదా."

"నన్నడగొచ్చు కదే!"

"ఏటడగమంతావు? నీ పుట్టింటోళ్ళ పని బాగులేదని, కన్నాల పొయ్యి కట్టి పోయినాడని, నా నోటితో అనమంతావా? ఈడి ముందర?" కళ్ళతో కొడుకుని చూపించింది. "వీధంతా సెప్పుకున్నావు. నీ తల దించుతానేటి? రోజూ నువ్వు లెగక ముందే మట్టి ఎట్టి పూసీసినాను. పొగొస్తే వచ్చింది."

  ఆ పొగంతా ఆవిడ మింగింది మా మావ పరువు కోసం, అంటే నా పరువు కోసం. నేను కేకలేసి మావని తిడుతున్నప్పుడు కూడా, నన్ను కాపాడుతున్నాననుకుంటూ, దగ్గుతూ కూర్చుంది. మంచం పట్టెమీద కూలబడి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. "అవి కన్నాలు కావత్తా, ఆటి మీదే పొయ్యి బతుకుతాది" అని ఏడుస్తూనే చెప్పాను. ఎలా పనిచేస్తాయో చెప్పాను. ఆవిడ చాలాసేపు విని, "సీ, నా సేతులిరగ" అని తన చేతిని తనే కొట్టుకుంది.

మా ఆయన పెరట్లోకెళ్ళాడు. కాసేపటికి టకటక వినపడింది. గునపంతో కాదు, స్క్రూడ్రైవరుతో ఒక్కో కన్నం తెరుస్తున్నాడు. ఆయన మెడవంచి నేలమీద కూర్చోవడం చూసి నాకు ఇంకో విడత ఏడుపొచ్చింది.

వెలిగించాం. పొగొచ్చింది, పలచబడింది, హోరు మొదలైంది. ఆర్డరు మురీలు నేనే వేయించాను. సగం మాడ్చాను, అది వేరే సంగతి. అత్త గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, గొట్టంకేసి చూసింది. ఆకాశం తప్ప ఏమీ లేదు. మళ్ళీ గోడ పట్టుకుని వెళ్ళి, చెప్పులేసుకుని, శ్రీకాకుళం బస్సుకి తయారైంది.

పోయిన ఊపిరితిత్తులు కొత్తవి రావు. డాక్టరు ఆ మాట దాచకుండా చెప్పాడు. మందులిచ్చాడు, నోట్లో పెట్టుకుని పీల్చేది ఒకటిచ్చాడు. అంతకంటే చెడకుండా చూసుకోండి అన్నాడు. పండగ వెళ్ళాక అత్త మళ్ళీ బట్టి ముందుకొచ్చింది, పొద్దుటిపూట మాత్రం. సిలిండరు ఇంతవరకూ ఇంట్లోకి రాలేదు.

మావ చెప్పినట్టే వచ్చాడు. వచ్చే ముందు అత్త నాచేత ఒట్టేయించుకుంది, తను కన్నాలు మూసిన సంగతి ఆయనకి తెలియకూడదని. పని చేతకాదనుకున్నానని తెలిస్తే బాధపడతాడట. మావ బట్టి చుట్టూ తిరిగి చూసి, మీసం దువ్వుకుని, "తడి కర్రని సెప్పానా లేదా?" అన్నాడు. "అవును బావగారూ, కర్రదే తప్పు" అంది అత్త, చేపల పులుసు వడ్డిస్తూ. మా ఆయనకి పొలమారింది.

మావ వెళ్ళాక నేను అత్త పక్కన కూర్చున్నాను.

"అత్తా, ఒక మాట సెప్తాను విను. మా పుట్టింటోళ్ళని తిట్టాలనుంటే మొహమ్మీదే తిట్టీ. నా పరువుకేటీ కాదు. నాకోసం ఊపిరి మాత్రం బిగపట్టుకోకు."

 మర్నాడు నేను లేచేసరికి ఆవిడ అలుకుతోంది. ఒక్కో కన్నం దగ్గరా ఆగి, చుట్టూ మట్టి రాసి, వేలు లోపల పెట్టి గుండ్రంగా తిప్పి తీస్తోంది. ముగ్గు గీతలు ఇప్పుడు కన్నాలకి పైనుంచి పోతున్నాయి. నన్ను చూసి తలెత్తకుండానే అంది:

"ఒసే, మీ మావకి సూపు ఆనదేటే? ఈ సివరి కన్నం వొంకర."

ఆ పొద్దు నుంచి తిడుతూనే ఉంది. నేను వింటూనే ఉన్నాను.